వంటింట్లోకి వచ్చిన రేడియో

మొన్న ఆదివారం పప్పులో తాలింపు పెడుతుంటే వెనకనుంచి "ఆకాశవాణి, విజయవాడ కేంద్రం" అని వినబడింది. గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. తిరిగి చూస్తే మా అమ్మాయి! ఫోన్లో న్యూస్ ఆన్ ఎయిర్ అనే ఆప్ పెట్టుకుని, "అమ్మా, నువ్వు ఎప్పుడూ చెబుతుంటావే మీ ఊరి రేడియో అని... ఇదేనా?" అంటోంది.

ఇదే. కానీ ఏదో తక్కువైనట్టు అనిపించింది. తాలింపు మాడిపోయాక గానీ ఆ తక్కువేమిటో తట్టలేదు. గరగర లేదు! హైదరాబాదులో ఎనిమిదో అంతస్తులో ఉన్న మా ఇంటికి విజయవాడ గొంతు కడిగిన ముత్యంలా వచ్చేస్తోంది. మా అమలాపురంలో అది ఏనాడూ అంత శుభ్రంగా వచ్చిన పాపాన పోలేదు.

విజయవాడ మీ ఊరెలా అయిందమ్మా అంటారేమో. అమలాపురానికి రేడియో కేంద్రం ఎక్కడిది? 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రమే మా కోనసీమ వాళ్ళకి సొంత రేడియో. విశాఖపట్నం కూడా పట్టేది గానీ, మా తాతయ్య లెక్కలో అది పొరుగింటి రేడియో. ముల్లు 837 మీద నిలబెట్టి, "ఇంకెవరూ తిప్పకండి" అనేవాడు.

మాది ఉమ్మడి కుటుంబం. గడియార స్తంభం సెంటర్ నుంచి నడిస్తే పది నిమిషాల దూరంలో ఇల్లు. తాతయ్య, మామ్మ, పెద్దనాన్న, పెద్దమ్మ, నాన్న, అమ్మ, మేం ముగ్గురు పిల్లలం. పెద్దమ్మకి పిల్లల్లేరు. ఆవిడకి నాలుగక్షరాల చక్కటి పేరుంది. ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. మామ్మకి ఆవిడ "పెద్ద కోడలు", పెద్దనాన్నకి "ఏమే", మా అమ్మకి "అక్కా", వీధిలో వాళ్ళకి "పెద్దింటావిడ". రేషన్ కార్డు మీద మాత్రం పేరుండేది.

రేడియో హాల్లో ఉండేది. తాతయ్య 1970ల్లో కొన్న సెట్టు. కరెంటుతోనూ నడిచేది, నాలుగు పెద్ద బ్యాటరీలతోనూ నడిచేది. అప్పట్లో రేడియో ఉంటే లైసెన్సు ఉండాలి కదా! ఏడాదికోసారి పోస్టాఫీసులో డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980ల మధ్యలో ఆ లైసెన్సులు ఎత్తేశారు. తాతయ్య మాత్రం ఆ పుస్తకాన్ని ఇంటి దస్తావేజులతో కలిపి పెట్టెలో దాచాడు. మా అమ్మ కుట్టిన తొడుగు, దాని మీద ఎర్రదారంతో రెండు చిలకలు. అంత మర్యాద జరిగేది ఆ పెట్టెకి.

మా ఇంట్లో గడియారం వేరే అక్కర్లేదు. భక్తిరంజని వస్తుంటే పాలు కాగాలి. ప్రాంతీయ వార్తలకి తాతయ్య కాఫీ. 6.55కి సంస్కృత వార్తలు మొదలయ్యేసరికి నేను జడ వేయించుకోవడానికి అమ్మ ముందు కూచోవాలి. బలదేవానంద సాగరః అనే పేరు మా అందరికీ కంఠతా వచ్చు, ఆయన చదివినదాంట్లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా. ఆ వెంటనే ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. అవి అయ్యేలోగా రెండో జడకి రిబ్బను పడకపోతే బడికి ఆలస్యమే!

చెప్పొద్దూ, ఆ రేడియో మొగవాళ్ళది. తాతయ్య వాలుకుర్చీలో, పెద్దనాన్న బల్ల మీద, పక్కింటి మాస్టారు గుమ్మం దగ్గర. ఆడవాళ్ళకి వంటింట్లోకి చెవిన పడినంతే ప్రాప్తం. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి నాటకం వచ్చేది. విజయవాడ వాళ్ళ నాటకాలంటే ఊరు ఊరంతా చెవులు రిక్కించేది. సరిగ్గా నాటకం రసకందాయంలో పడేవేళకి హాల్లోంచి "కాఫీ" అని కేక! చిలకమర్తి వారి ‘గణపతి’ నాటకం పెద్దమ్మ మూడుసార్లు విందిట, మూడుసార్లూ సగమే. ఆఖర్న ఏమైందో చాలా ఏళ్ళు ఆవిడకి తెలీదు. "పుస్తకం తెచ్చుకుని చదవచ్చుగా" అని నేను పెద్దయ్యాక అంటే, "చదివానే, కానీ నందూరి సుబ్బారావు గొంతు పుస్తకంలో ఉండదు కదా" అంది.

పెద్దమ్మకి గొంతుల పిచ్చి. పెళ్ళికి ముందు పుట్టింట్లో రేడియో సిలోన్ వినేదిట. మీనాక్షి పొన్నుదొరై తెలుగు పాటలు వేసేవారే, గుర్తుందా? మీలో యాభై దాటినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పెద్దమ్మ అద్దం ముందు నిలబడి అచ్చం ఆవిడలా పాట పేరు, సినిమా పేరు చెప్పి, తన పేరు కూడా చెప్పుకునేదిట. ఉషశ్రీ గారి భారతం చెప్పడం గురించి అయితే పెద్దమ్మా మామ్మా ఒకరితో ఒకరు పోటీ పడి చెప్పేవారు. ఆయన 1990లో పోయారు, నాకు ఊహ తెలిసేటప్పటికే లేరు. అయినా మా ఇంట్లో ఎవరైనా గట్టిగా మాట్లాడితే "ఏంట్రా, ఉషశ్రీ అనుకున్నావా" అనడం వింటూ పెరిగాను.

1995లో మా వీధిలోకి కేబుల్ వచ్చింది. ఆ ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది, అదే ఏడాది జెమినీ కూడా. మా నాన్న కలర్ టీవీ కొన్నాడు. హాల్లో రేడియో ఉన్న బల్ల మీద టీవీ కూచుంది, చిలకల తొడుగు విప్పి టీవీకి కప్పబోతే సరిపోలేదు. రేడియోని ఏం చెయ్యాలి? "అటకెక్కించెయ్యండి" అన్నాడు పెద్దనాన్న.

పెద్దమ్మ ఎవరినీ అడగలేదు. రెండు చేతులా ఎత్తుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. ఉప్పు జాడీ పక్కన గోడకి కొట్టిన చెక్క మీద పెట్టింది. రిపేరు షాపతను వచ్చి, లోపలి ఏరియల్ కడ్డీ ఉన్న దిక్కుని బట్టి సెట్టుని కొంచెం ఇటూ అటూ జరిపితే గొంతు తేటగా వస్తుందని చెప్పాడు. జరిపి జరిపి, బాగా వచ్చిన చోట చెక్క మీద బొగ్గుతో గీత గీసింది. అద్దం మీద 837 దగ్గర కుంకుమ చుక్క పెట్టింది. తాతయ్యలా కళ్ళజోడు పెట్టుకుని అంకెలు చూడక్కర్లేదు, మామ్మ కూడా పట్టేయచ్చు!

ఆ తర్వాత ఏడాది, ఏడాదిన్నర మా వంటింట్లో జరిగిన వైభవం ఎంతని చెప్పను! మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం వేళకి పక్కింటి పిన్నిగారు చేటలో బియ్యం పోసుకుని వచ్చేసేది. వెనకింటావిడ కొబ్బరి ఈనెలు చీపురుకి చీరుకుంటూ. అమ్మ నేల మీద కాళ్ళు బారచాపుకుని. వంటకం చెబితే "దాంట్లో బెల్లం తక్కువైంది" అని రేడియోకే ఎదురు చెప్పేవాళ్ళు. ఓరోజు ఒక డాక్టరమ్మ నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం గురించి, దానివల్ల వచ్చే నీరసం గురించి మాట్లాడింది. చేటలు ఆగిపోయాయి. నన్ను పెరట్లోకి పొమ్మన్నారు. నేను పోలేదు, తలుపు వెనక నిలబడ్డాను. వారం తిరక్కుండా అమ్మా పెద్దమ్మా గుడికని చెప్పి బయల్దేరి ఆసుపత్రికి వెళ్ళొచ్చారు. అమ్మ ఆ తర్వాత చాలాకాలం ఐరన్ మాత్రలు మింగింది. రేడియో హాల్లోనే ఉండి ఉంటే ఆ ప్రసంగం మొదలవగానే తాతయ్య దగ్గుతూ నాబు తిప్పేసేవాడు, నాకు అనుమానం లేదు.

ఇక పాటలు. కోరిన పాటల కార్యక్రమానికి కార్డు రాయడం నా పని. నా దస్తూరీ గుండ్రంగా ఉండేది కదా, అందుకు. పదిహేను పైసల కార్డు మీద పాట, సినిమా, కింద మా ముగ్గురి పేర్లు, అమలాపురం. పెద్దమ్మ ఎప్పుడూ అడిగేది ‘మూగమనసులు’ పాటలే. సినిమా 1964లోది. "అందులో మన గోదారి ఉందే" అనేది. "నీ పేరూ రాయనా పెద్దమ్మా?" అంటే, "నాకెందుకే, మీ పేర్లు చాలు" అనేది. మా పేర్లు రావడానికి ఎన్ని వారాలు పట్టేదో! రోజూ పేర్ల వరస వింటూ కూచునేవాళ్ళం. కాట్రేనికోన నుంచి ఫలానా, ఐ.పోలవరం నుంచి ఫలానా, రాజోలు నుంచి ఫలానా వారి మిత్రబృందం... మేం ఎన్నడూ చూడని మనుషులు మాకు చుట్టాలైపోయారు. "కాట్రేనికోన వాళ్ళు ఈ వారం కార్డు వెయ్యలేదేంటి చెప్మా" అని మామ్మ బెంగపెట్టుకునేది.

ఒకసారి నేను పెద్దమ్మకి చెప్పకుండా మా పేర్లకంటే ముందు ఆవిడ పేరు రాసేశాను.

1996 దసరా ముందు అనుకుంటాను. పెద్దమ్మ వంకాయలు తరుగుతోంది. అమలాపురం నుంచి అని, ఆవిడ నాలుగక్షరాల పేరు. చదివినావిడ ఎంత ముద్దుగా పలికిందో! పెద్దమ్మ తరగడం ఆపలేదు. ముఖం ఎర్రబడింది. పాట అయిపోయాక, "మళ్ళీ చదువుతారేంటే?" అంది. ఒక్కసారే చదువుతారని ఆవిడకీ తెలుసు.

అసలు తమాషా సాయంత్రం జరిగింది. పెద్దనాన్న ఆ వేళకి సెలూన్లో ఉన్నాడుట. అక్కడా అదే రేడియో మోగుతోంది. సగం గడ్డం గీసి ఉండగా ఎవరో, "ఏవండోయ్, మీ ఆవిడ పాట అడుగుతోంది, వెయ్యమన్నారా?" అని నవ్వారుట. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే, "ఊళ్ళో మొగాళ్ళందరి ముందూ పేరు చదివించుకోవాలా? సిగ్గుందా?" అన్నాడు. నేనే రాశానని చెప్పబోతే పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆయన రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. కార్డులు ఆగిపోయాయి. రాత్రి పక్కలో నాతో మాత్రం అంది, "నా పేరే కదే చదివింది, ఇంకోళ్ళది కాదుగా!"

ఆ మాట అన్న నెలలోపే తుపాను వచ్చింది.

1996 నవంబరు 6, బుధవారం. కోనసీమ వాళ్ళకి ఆ తేదీ చెబితే చాలు. పెద్దనాన్న కోర్టు వాయిదాకని ముందురోజు కాకినాడ వెళ్ళాడు. బుధవారం సాయంత్రానికి వచ్చేయాలి. అప్పటికి ఎదుర్లంక దగ్గర వంతెన లేదు, యానాం నుంచి పంటు మీద గోదారి దాటాలి. పొద్దుట్నుంచీ రేడియో ఒకటే చిటపట. మీడియం వేవ్ రేడియోకి మెరుపులు ముందే తెలుస్తాయి, ఉరుము మనకి వినబడకముందే అది పటపటమంటుంది. తుపాను హెచ్చరికలు చెబుతున్నారు. మాకు బడికి సెలవన్న ఆనందమే గానీ ఇంకేం పట్టలేదు.

చీకటిపడ్డాక గాలి మొదలైంది. కరెంటు పోయింది. వెనక చావిడి పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే ఎవరో పళ్ళేలు విసిరేస్తున్నట్టుంది. కొబ్బరిచెట్టు పడితే ఎలా ఉంటుందో ఆ రాత్రి విన్నాను. ముందు వేళ్ళు తెగుతున్న కరకర, తర్వాత కాసేపు ఏమీ ఉండదు, తర్వాత నేల అదురుతుంది. మా పెరట్లో పన్నెండు చెట్లుండేవి, తెల్లారేసరికి మూడున్నాయి. వీధి కనబళ్ళేదు. చెట్లు, స్తంభాలు, తీగలు, ఎవరిదో గడ్డికప్పు.

హాల్లో టీవీ నల్లగా కూచుంది. ఫోన్లు లేవు. పేపరు రాలేదు. ఊళ్ళో నుంచి బయటికి దారి లేదు. వంటింట్లో ఉప్పు జాడీ పక్కన రేడియో ఒక్కటే మాట్లాడుతోంది.

చూడాలి అప్పుడు! పుట్టి బుద్ధెరిగాక తాతయ్య వంటింటి గడప తొక్కగా నేను చూడలేదు. ఆయన వచ్చి గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని కూచున్నాడు. మాస్టారు, ఎదురింటి వాళ్ళు, కప్పు పోయిన వెనకింటి వాళ్ళు, మొత్తం వీధిలో మొగవాళ్ళంతా మా వంటింటి గుమ్మంలో! "కాస్త పెట్టమ్మా" అని తాతయ్య పెద్దమ్మని బతిమాలుతున్నాడు. పెద్దమ్మ పెట్టదు. "బ్యాటరీలు అయిపోతాయి మావయ్యగారూ. వార్తలప్పుడే" అంటుంది. వార్తల వేళకి పెడుతుంది, అవగానే కట్టేస్తుంది. పాటలొస్తాయేమోనని మేం ఏడిస్తే ఒక్క చూపు చూసేది. మర్నాడు ఎండ వచ్చింది, సిగ్గూ శరమూ లేకుండా ఫెళ్ళున వచ్చింది. బ్యాటరీలు తీసి గోడ మీద ఎండబెట్టింది. కాకి ఎత్తుకుపోకుండా నన్ను కాపలా పెట్టింది.

వార్తల్లో ఊళ్ళ పేర్లు రాసాగాయి. భైరవపాలెం. బలుసుతిప్ప. కాట్రేనికోన మండలం, ఐ.పోలవరం మండలం. పాటలు కోరిన వరసలోనే విన్న పేర్లు. మామ్మ చెవులు మూసుకుంది. తర్వాత వెయ్యిమందికి పైగా పోయారని లెక్క తేలింది, అందులో వేటకెళ్ళిన మత్స్యకారులెందరో. ఆ కార్డు రాసే కాట్రేనికోన వాళ్ళు ఉన్నారో లేరో మాకు ఎప్పటికీ తెలీలేదు.

యానాం పేరు వచ్చినప్పుడల్లా పెద్దమ్మ సెట్టుకి చెవి ఆనించేది. పంటు గురించి ఏమైనా చెబుతారేమోనని. ఏడవలేదు. వచ్చిన వాళ్ళందరికీ గంజి కాచి పోస్తూనే ఉంది. శుక్రవారం రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో సన్నగా గొంతు వినబడి లేచి వెళ్ళాను. రేడియో కట్టేసే ఉంది. పెద్దమ్మ చీకట్లో కుంకుమ చుక్క మీద వేలు పెట్టుకుని ఏదో గొణుక్కుంటోంది. కోరిన పాటల పేర్ల వరసలా ఉంది. అమలాపురం నుంచి అని, ముందు పెద్దనాన్న పేరు, తర్వాత తన పేరు. నేను వెనక్కి వచ్చి పడుకున్నాను.

శనివారం సాయంత్రం వచ్చాడాయన. పంటు ఎక్కలేదుట, గాలి ముదరకముందే కాకినాడలోనే ఎవరింట్లోనో ఆగిపోయాడు. రాజమండ్రి చుట్టు తిరిగి రావులపాలెం దాకా ఎలాగో వచ్చి, అక్కణ్ణుంచి కొత్తపేట మీదుగా చాలా దూరం నడిచాడు, పడ్డ చెట్లు ఎక్కి దిగుతూ. కాళ్ళు బొబ్బలు. మామ్మ బావురుమంది. మాకు మిఠాయి తెచ్చాడేమోనని సంచి చూశాం. సంచిలో తడిసిన కోర్టు కాగితాలు, పేపరులో చుట్టిన నాలుగు కొత్త బ్యాటరీలు. అంతే.

వాటిని తీసి పెద్దమ్మ చేతికిచ్చాడు. "నీళ్ళు పెట్టు" అన్నాడు.

మర్నాడే దీపావళి. టపాకాయల్లేవు, కిరసనాయిలు లేదు, అమావాస్య చీకటి. తులసికోట దగ్గర ఒక్క ప్రమిద. కొత్త బ్యాటరీలతో రేడియో బాగా మోగుతోంది, ఏదో పాట వస్తోంది. ఊళ్ళో ఇంత కష్టమైతే పాటలేమిటని మాస్టారు అన్నారు. పెద్దమ్మ నాబు మీద చెయ్యి వేసింది. గుమ్మంలోంచి పెద్దనాన్న, "ఉండనీ" అన్నాడు.

కార్డులు మళ్ళీ ఎప్పుడు మొదలయ్యాయో నాకు సరిగ్గా గుర్తులేదు. కరెంటు రావడానికి వారాలు పట్టింది, పడిన కొబ్బరిచెట్లకి బదులు నాటినవి కాపుకి రావడానికి ఏళ్ళు పట్టింది, ఆ లెక్కలే అందరికీ. ఓరోజు పోస్టాఫీసు నుంచి పెద్దనాన్న తెచ్చిన కవర్లలో ఓ పది కార్డులు కూడా ఉన్నాయి. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. నేను రాశాను. ఎవరి పేరు ముందు రాశానో మీకు వేరే చెప్పాలా?

ఆయన పోయి ఆరేళ్ళయింది. 2022లో అమలాపురం జిల్లా కేంద్రమైంది. పెద్దమ్మకి డెబ్భై అయిదు దాటాయి. ఆ సెట్టు అక్కడే ఉంది, కుంకుమ చుక్క నల్లబడింది. బాగుచేసే అతను షాపు మూసేసి చాలాకాలమైంది. మా తమ్ముడు ఆవిడ ఫోన్లోనూ ఆ ఆప్ పెట్టాడు. "ఇందులో తిప్పడానికేం లేదే, వేలు పెడితే వచ్చేస్తుంది, ఏం బావుంది?" అని గొణుగుతూనే వింటుంది. 2023 నుంచి ఆల్ ఇండియా రేడియో అన్న మాట వాడకుండా ఆకాశవాణి అనే అంటారుట అని చెబితే, "మనం ఇంకేమన్నాం గనక?" అంది.

ఇదంతా రాశాక ఫోన్ చేసి చదివి వినిపించాను. మధ్యలో ముక్కు చీదిన చప్పుడు రెండుసార్లు వినబడింది. "పెద్దమ్మా, ఇందులో నీ పేరు వెయ్యనా?" అన్నాను.

"వద్దులేవే. పేపరైతే రేపు పకోడీలు కట్టుకుంటారు. అంతగా కావాలంటే ఆ రేడియో వాళ్ళకి రాయి" అంది. ఇంకా ఏదో అనబోయి, "ఉండు, వార్తల వేళయింది" అని పెట్టేసింది.